సేవకు లైసెన్సా?

నర్సీపట్నంలో నర్సమ్మ ఉద్యోగంలో చేరాలంటే ఆమె పేరు కౌన్సిల్ రిజిస్టరులో ఉండాలి. లాయరుగారు నల్లకోటు వేసుకోవాలంటే బార్ కౌన్సిల్‌లో నమోదు కావాలి. ఆఖరికి ఆటో నడిపే అబ్బాయి జేబులోనూ లైసెన్సు ఉండాల్సిందే. మరి ఎం.ఎస్.డబ్ల్యూ. ప్యాసైన అమ్మాయి, "సోషల్ వర్కర్ లైసెన్సుకు అర్జీ ఎక్కడ పెట్టుకోవాలండీ?" అని అడిగితే?

జవాబుకు వందేళ్ల కథ విప్పాలి.

నర్సీపట్నం మద్రాసు రాజధానిలో ఉన్న రోజులవి. నర్సుల, మంత్రసానుల పేర్లు రిజిస్టరుకెక్కించే చట్టం 1926లోనే వచ్చింది. పురిటి మంచం దగ్గర తెలియని చెయ్యి పడితే ప్రాణం పోతుందని సర్కారుకు అర్థమైంది. సంఘసేవ మాత్రం పుణ్యం ఖాతాలోనే ఉండిపోయింది. పుణ్యానికి రిజిస్టరెందుకు, జీతమెందుకు?

దీన్ని చదువుకుని చేయాలని మన దేశంలో మొదట చూపింది 1936లో బొంబాయిలో పెట్టిన దొరాబ్జీ టాటా స్కూలు. మరుసటేడే మద్రాసులో మన దుర్గాబాయమ్మ ఆంధ్ర మహిళా సభ ప్రారంభించారు. తమాషా చూడండి! తర్వాత ఆమె లా చదివి కోర్టులో వాదించడానికి పేరు నమోదు చేయించుకోవలసి వచ్చింది. వందలమంది ఆడవాళ్ల బతుకులు చక్కదిద్దే సభ నడపడానికి మాత్రం 'నీ అర్హతేమిటమ్మా?' అని ఆమెను ఏ చట్టమూ అడగలేదు.

అడగకపోయినా, మంచి మనసొక్కటే చాలదని ఆమెకు తెలుసు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీల కోసం 1958లో ఆ బోర్డు సంక్షిప్త కోర్సులు మొదలుపెట్టింది. పెళ్లితోనో, వైధవ్యంతోనో బడి మానేసినవాళ్లు మళ్లీ పరీక్ష రాసి, ఉద్యోగానికి అర్హులయ్యే దారి అది.

ఇక చట్టాల సంగతి. 1948 ఫ్యాక్టరీల చట్టం, 500 మంది కార్మికులున్నచోట సంక్షేమాధికారి ఉండాలంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం, ఆ విభాగంలో పనిచేసే సోషల్ వర్కర్ ఏం చదవాలో నిర్ణయించి, రాష్ట్ర అథారిటీ దగ్గర నమోదు కావాలంది. 2021 చట్టం వైద్యరంగంలోని సోషల్ వర్కర్లనూ తన జాబితాలో చేర్చుకుంది. అంటే ఆస్పత్రి గుమ్మం దాకా రిజిస్టరు వచ్చింది. అనాథాశ్రమంలో, పల్లెలో పనిచేసే అమ్మాయికి మాత్రం డిగ్రీ కాగితమే లైసెన్సు.

"ప్రేమగా చేసే పనికి కాగితాలేమిటి?" అంటారు కొందరు. మొగుడి చేత దెబ్బలు తిన్న ఇల్లాలు తన గుట్టంతా ఒక పరాయి మనిషి ముందు విప్పుతుంది. ఆ గుట్టు వీధిన పడితే ఎవరికి చెప్పుకోవాలి? డాక్టరు తప్పు చేస్తే అడగడానికి కౌన్సిలుంది. లైసెన్సన్నది సేవ చేసేవాళ్ల గొప్పకోసం కాదు, సేవ పొందేవాళ్ల రక్షణ కోసం. పైగా కాగితం లేని పనికి జీతం కూడా ఉండదని ఇల్లాళ్లకు వేరే చెప్పాలా!

అలాగని తలుపు మూసేస్తే ఎలా? నర్సీపట్నం దాటి కొండెక్కితే, ఏ ఇంట్లో బిడ్డ చిక్కిపోతోందో, ఏ కోడలు ఏడుస్తోందో ఎరిగిన అంగన్‌వాడీ ఆయమ్మ ఉంటుంది. ఆమెకు ఎం.ఎస్.డబ్ల్యూ. లేదు. రేపు అందరికీ లైసెన్సు పెట్టే రోజొస్తే, దుర్గాబాయమ్మ కోర్సుల్లాంటి చిన్నదారి ఒకటి ఆమెకూ వేయాలి. రిజిస్టరులో మొదటి పేజీ ఆమెదే కావాలి మరి!