చర్మం పలుచనైన చోట

1756లో లండన్ శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్ ఓల్డ్ కెంట్ రోడ్డులో గుర్రం మీదినుంచి పడ్డాడు. కాలి ఎముక విరిగి, చర్మాన్ని చీల్చుకుని బయటికి పొడుచుకొచ్చింది. ఆయన తనను ఎవరినీ కదిలించనివ్వలేదు. పల్లకీ బోయీలను పిలిపించి, ఒక తలుపు కొని, దానికి పల్లకీ బొంగులను మేకులతో కొట్టించి, ఆ తలుపు మీద ఇల్లు చేరాడు. తోటి వైద్యులు కాలు తీసివేయడానికి సిద్ధమయ్యారు. చివరి క్షణంలో వచ్చిన ఆయన గురువు ఎడ్వర్డ్ నౌర్స్, కాలు దక్కించవచ్చునన్నాడు. కాలు దక్కింది. కానీ ఆ రోజుల్లో అలాంటి అదృష్టం అరుదు. ఎముక బయటపడిందంటే చీము పట్టడం, చీము పట్టిందంటే ప్రాణం పోవడం. రంపమే మేలనుకునేవారు.

మోకాలి కింది పెద్ద ఎముక టిబియాను అడ్డంగా కోసి చూస్తే ముక్కోణంలా ఉంటుంది. వెనక పిక్క, బయటివైపు మరికొన్ని కండరాలు దానిని కప్పి ఉంచుతాయి. లోపలివైపు ముందుభాగానికి మాత్రం చర్మం తప్ప మరే కప్పూ లేదు. అందుకే ఈ ఎముక విరిగితే అంత సులువుగా బయటపడుతుంది.

విరిగిన ఎముకను కదలకుండా నిలపాలన్న సూత్రం కొత్తది కాదు. సుశ్రుతుడు వెదురు బద్దలు, చెట్టు బెరళ్లు కట్టమన్నాడు. రాయలసీమలోని పుత్తూరులో తరతరాలుగా ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డతో కట్టు కడుతున్నారు. చర్మం చెక్కుచెదరని విరుపులకు కట్టు సరిపోవచ్చు. పుండు ఉన్నప్పుడే చిక్కు. కట్టు కడితే పుండు కనబడదు, కడగడానికి వీలుండదు. కట్టకపోతే ఎముక నిలవదు. ఈ రెండింటి మధ్య దారి వెతుకుతూ పుట్టిందే ఎక్స్‌టర్నల్ ఫిక్సేటర్: ఎముకలోకి పిన్నులు దించి, వాటిని చర్మం బయట ఒక చట్రానికి బిగించడం.

పారిస్‌లో మాల్గేన్ 1840లో ఒక లోహపు మొనను పట్టీతో కాలికి బిగించి, లేచిన ఎముక ముక్కను అదిమి ఉంచాడు. 1897లో డెన్వర్ వైద్యుడు క్లేటన్ పార్క్‌హిల్ నాలుగు స్క్రూలు, వాటిని బయట కలిపే పలకలతో ఒక సాధనాన్ని ప్రకటించాడు. 1902లో ఆంట్వర్ప్‌లో ఆల్బాన్ లాంబోట్ మరలున్న పిన్నులను ఎముకలో బిగించి, బయట లోహపు కడ్డీతో కలిపాడు. ఆయన వయొలిన్లు కూడా తయారుచేసేవాడు. 1938లో జెనీవాలో రావుల్ హాఫ్‌మన్, విరుపును తెరవకుండానే బయటి చట్రంతో ఎముకను సరిచేసే పద్ధతిని రూపొందించాడు.

ఇంత జరిగినా రెండవ ప్రపంచయుద్ధం ఈ సాధనానికి చెడ్డపేరు తెచ్చింది. పిన్నుల చుట్టూ చీము పట్టింది, పిన్నులు వదులయ్యాయి, విరుపులు అతకలేదు. చాలామంది శస్త్రవైద్యులు దీనిని పక్కన పెట్టారు. నింద చట్రం మీద పడింది. కాని చట్రం ఎంత గట్టిదైనా అది ఎముకను తాకదు. తాకేది పిన్ను. దానిని ఎక్కడ, ఎలా దించాలన్నది శాస్త్రంగా స్థిరపడడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది.

‘ఎలా’ అన్నదానికి ఒక జవాబు 1983లో స్వీడన్ నుంచి వచ్చింది. ఎరిక్సన్, ఆల్బ్రెక్ట్సన్‌లు కుందేళ్ల మీద చేసిన పరీక్షల్లో 47 డిగ్రీల సెల్సియస్ వేడి ఒక్క నిమిషం తగిలినా ఎముకకు హాని జరుగుతుందని తేలింది. మొద్దుబారిన డ్రిల్లును వేగంగా తిప్పితే ఆ వేడి సులువుగా పుడుతుంది. వేడికి చచ్చిన ఎముక పిన్నును పట్టి ఉంచలేదు. అందుకే చర్మాన్ని చిన్నగా కోసి, కండను ఎముకదాకా మెల్లగా విడదీసి, చుట్టుపక్కల కండ చుట్టుకోకుండా గొట్టం పెట్టి, పదునైన డ్రిల్లుతో నిదానంగా, సెలైన్‌తో చల్లబరుస్తూ తొలిచి, పిన్నును చేత్తో బిగిస్తారు. చివరికి పిన్ను చుట్టూ చర్మం బిగుసుకుని ఉంటే అక్కడ మళ్లీ కోసి వదులు చేస్తారు.

‘ఎక్కడ’ అన్నదానికి 1986లో ఫ్రెడ్ బెరెన్స్, సెర్ల్స్ పటం గీశారు. టిబియా చుట్టూ ఉన్న వలయంలో నిర్భయంగా పిన్ను దించదగిన మేర మోకాలి దగ్గర 220 డిగ్రీలు, చీలమండ పైన 120 డిగ్రీలు మాత్రమే. కింది భాగంలో ధమని, నరం ఎముక ముందువైపుకు జరిగివస్తాయి కనుక మేర కుదించుకుపోతుంది. కాలు పొడవునా నిలిచే సురక్షితమైన చోటు లోపలివైపు ముందుభాగమే. అక్కడ గుచ్చుకోవడానికి కండ లేదు, తెగడానికి పెద్ద నరం లేదు. ఏ లోపం వల్ల ఎముక బయటపడుతోందో, ఆ లోపమే పిన్నుకు దారి ఇస్తోంది.

సైబీరియాలోని కుర్గాన్‌లో 1950ల నుంచి గవ్రీల్ ఇలిజారోవ్ నడిచిన దారి వేరు. ఆయన సన్నని తీగలు కాలిని ఒకవైపు నుంచి మరోవైపుకు దాటి, చుట్టూ ఉన్న వలయాలకు బిగుస్తాయి. కండను తప్పించుకునే వీలు లేదు కనుక మెలకువ మరింత కావాలి. తీగను ముందు చేత్తోనే ఎముకదాకా గుచ్చి, అప్పుడే డ్రిల్లు తిప్పుతారు. ఎముక అవతలి గోడ దాటగానే డ్రిల్లు ఆపి, మిగిలిన దూరం సుత్తితో మెల్లగా తడతారు. తిరిగే తీగ నరాన్ని చుట్టుకోగలదు, జరిగే తీగ పక్కకు నెడుతుంది.

సిడ్నీ నగరపు గిరావీన్‌కు దగ్గరున్న వెస్ట్‌మీడ్‌లోనైనా, పుత్తూరుకు దగ్గరున్న తిరుపతిలోనైనా టిబియా ఆకారం ఒక్కటే. ఎక్స్‌రే తెర ఎదురుగా వెలుగుతున్నా, శస్త్రవైద్యుని వేలు మొదట చర్మం కింద ఎముక అంచును తడిమి చూస్తుంది. కట్టు కట్టేవాడి వేలు కూడా మొదట చేసే పని అదే.