పశువైద్య చదువులు: మన పిల్లలు ఏ దారి పట్టాలి, ఎక్కడ దరఖాస్తు పెట్టాలి

పరీక్షా ఫలితాలు రాగానే సంఘం కార్యాలయానికి వచ్చే తల్లిదండ్రులు ఈ మధ్య పశువైద్యం గురించి కూడా అడుగుతున్నారు. పాడి ఉన్న హోసూరు వైపు వాళ్లూ అడుగుతున్నారు, కుక్కపిల్లను పెంచుకునే బెంగళూరు వాళ్లూ అడుగుతున్నారు. అందరికీ పనికొస్తుందని వివరాలు ఒకచోట రాస్తున్నాను.

డాక్టరు చదువు

పశువుల డాక్టరు కావాలంటే బీవీఎస్సీ అండ్ ఏహెచ్ చదవాలి. ఇది ఐదున్నర ఏళ్ల కోర్సు, చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. పన్నెండో తరగతిలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీషు తప్పనిసరి. బయాలజీ లేని గ్రూపులో చేరితే ఈ చదువుకు వీలుండదు. కాబట్టి పదో తరగతి అయినప్పుడే ఆలోచించుకోవాలి.

డిప్లొమా

పదో తరగతి తర్వాత ఆంధ్రప్రదేశ్, కర్ణాటకల్లో రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా ఉంది. టీకాలు, కృత్రిమ గర్భధారణ, ప్రథమ చికిత్స వంటి పనులకు ఇది సరిపోతుంది. త్వరగా సంపాదనలో పడాల్సిన ఇంటికి మంచి దారే. అయితే 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం డిప్లొమా చేసినవారు రిజిస్టరైన డాక్టరు పర్యవేక్షణలో చిన్న సేవలు మాత్రమే చేయవచ్చు. సొంతంగా వైద్యం చేయడానికి వీల్లేదు. చేరేముందే పిల్లలకు ఈ తేడా చెప్పండి.

ఎక్కడ దరఖాస్తు పెట్టాలి

మనవాళ్లు పొరపడేది ఇక్కడే. కొన్నేళ్ల కిందట మా సభ్యుల ఇంటి అమ్మాయి తిరుపతి కాలేజీ మీద ఆశతో సొంత రాష్ట్రంలో దరఖాస్తే పెట్టలేదు. "మనవాళ్ల కాలేజీయే కదమ్మా, వస్తుందిలే" అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. అక్కడ లోకల్ అభ్యర్థి కావాలంటే చివరి నాలుగేళ్లు అక్కడే చదివి ఉండాలి. ఇంట్లో తెలుగు మాట్లాడితే లోకల్ కారు. ఆ పిల్లకు ఒక ఏడాది వృథా అయింది. మరుసటి ఏడు సొంత రాష్ట్రంలోనే సీటు తెచ్చుకుంది.

అందుకని మొదటి దరఖాస్తు మీరున్న రాష్ట్రంలోనే పెట్టండి.

తమిళనాడు: పశువైద్య విశ్వవిద్యాలయం (1989) ప్లస్ టూ మార్కుల మీద సీట్లిస్తుంది. 1903లో మొదలైన మద్రాసు పశువైద్య కళాశాల, నామక్కల్ కళాశాల దీని కిందివే.
కర్ణాటక: బీదర్ విశ్వవిద్యాలయం కింద హెబ్బాళ, శివమొగ్గ, హాసన్ మొదలైన కాలేజీలు. దరఖాస్తు కేఈఏకి.
మహారాష్ట్ర: నాగపూర్ విశ్వవిద్యాలయం కింద ముంబయి, నాగపూర్, పర్భణి మొదలైనవి. నీట్ రాయాలి.
ఒడిశా: భువనేశ్వర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో.
యానాం: పుదుచ్చేరిలోని రాజీవ్ గాంధీ పశువైద్య సంస్థకు సెంటాక్ ద్వారా, నీట్‌తో.

వీటితోపాటు ప్రభుత్వ కాలేజీల్లో 15 శాతం సీట్లు అఖిల భారత కోటాలో నీట్ ర్యాంకు మీద భర్తీ అవుతాయి. తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ కాలేజీలు కావాలనుకునేవారికి ఉన్న దారి అదే. కాబట్టి ఏ రాష్ట్రంలో ఉన్నా నీట్ రాయించండి.

కాగితాలు

స్థానికత, ఆదాయం, కులం ధ్రువపత్రాలు ముందుగానే తీయించుకోండి. ఒకే కులం రెండు రాష్ట్రాల జాబితాల్లో వేర్వేరుగా ఉండవచ్చు. అందుకే తాతగారి ఊరి పత్రం ఇక్కడ చెల్లదు. ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, ఇంకో కాగితంలో వెనక ఉంటే ఇప్పుడే సరిచేయించండి. ఆఫీసులో గుమాస్తాగా ఇలాంటి తేడాలతో ఆగిపోయిన ఫైళ్లు చాలా చూశాను. భాషా అల్పసంఖ్యాక పత్రం మైనారిటీ యాజమాన్యం నడిపే కాలేజీలకే పనికొస్తుంది. ప్రభుత్వ పశువైద్య కాలేజీలో దానితో సీటు రాదు.

చదివాక

పశుసంవర్ధక శాఖ, పాల సమాఖ్యలు, నామక్కల్ కోళ్ల పరిశ్రమ, రాణిపేట టీకాల సంస్థ, సైన్యంలో రిమౌంట్ వెటర్నరీ కోర్, నగరాల్లో సొంత క్లినిక్కు. ఇలా దారులు చాలా ఉన్నాయి. సర్కారు కొలువుకు ఆ రాష్ట్ర భాష రావాలి. అది మన పిల్లలు బడిలో నేర్చుకున్నదే. కోలారు, కృష్ణగిరి, రాయగడ వైపు పల్లెల్లో రైతుతో తెలుగులో మాట్లాడగలగడం అదనపు బలం.

చివరగా ఒక మాట. ఈ పనిలో పేడ, రక్తం, అర్ధరాత్రి ఈతలు తప్పవు. ఫారం నింపే ముందు పిల్లల్ని నాలుగు రోజులు దగ్గర్లోని పశువుల ఆసుపత్రికి పంపండి. తిరిగొచ్చాక కూడా ఇష్టమే అంటే ధైర్యంగా చేర్పించండి.