పాటపెట్టెకు పీట

మా పాఠశాలలో నాతో పనిచేయు ఒక యువోపాధ్యాయునకు పాత రికార్డులయెడ మక్కువ పుట్టినది. రికార్డులు త్రిప్పు యంత్రమును, ఆంప్లిఫయరును, ఒక జత స్పీకర్లను కొని దమ్మపేటకు తెచ్చుకొని, "మాస్టారూ, వీటినన్నింటిని దేనిమీద పెట్టమంటారు?" అని నన్నడిగెను. వడ్రంగిని పిలిచి ఒక అలమర చేయించుకొమ్మని చెప్పి ఊరకుండవచ్చును. కాని పాడు యంత్రమును ఇంటిలో ఎచ్చట నిలుపవలెనను ప్రశ్నకు మన దేశమున నూరేండ్లకు పైబడిన చరిత్ర కలదు. అందు కొయ్యపని యెంత గలదో, ఎవరు వినవచ్చును ఎవరు వినరాదను తగవును అంతే గలదు.

ఎడిసను 1877లో శబ్దమును పట్టి మరల పలికించినప్పుడు గాని, పదియేండ్లకు బెర్లీనరు బల్లపరుపు పలకమీద గాడిని గీయించినప్పుడు గాని, యంత్రమునకు పీఠమును గూర్చి ఎవరును తలపోసినట్లు కనబడదు. ఏదో యొక మేజాబల్ల చాలెను. 1902లో గైస్‌బర్గు కలకత్తాకు వచ్చి గౌహర్‌జాను పాటలను పట్టుకొనిపోయిన పిమ్మట మన దేశపు గొంతులు రికార్డులకెక్కినవి. ఆనాటి యంత్రమునకు ఉమ్మెత్తపూవు వలె విచ్చుకొనిన పెద్ద కొమ్ము ఉండెడిది. అది గదిలో సగము నాక్రమించును, దుమ్ము పట్టును, పిల్లలు తగిలి పడద్రోతురు. ఈ బాధ తీర్పనెంచి అమెరికాలో విక్టరు కంపెనీవారు 1906లో కొమ్మును క్రిందికి వంచి కొయ్యపెట్టెలో దాచి "విక్ట్రోలా" యను పేర విక్రయించిరి. ముందు రెండు తలుపులు. వాటిని తెరచిన ధ్వని హెచ్చును, మూసిన తగ్గును. అడుగున రికార్డులు పెట్టుకొను అరలు. యంత్రము, పీఠము, అలమర ఒక్కటియైనది. నేడు మనము ర్యాకు అనుచున్న వస్తువునకు మూలపురుషుడు ఆ పెట్టెయే యని నా యభిప్రాయము.

మన పల్లెలకు అంతటి బీరువాలు రాలేదు. కీలుత్రిప్పి పాడించు చిన్న పెట్టెలు వచ్చినవి. కలవారి వసారాలో మంచముమీదనో, పీటమీదనో దానినుంచి కపిలవాయి రామనాథశాస్త్రిగారి పద్యములు వేసినచో ఊరు ఊరంతయు గుమిగూడెడిదట. ఒక ప్రక్క పాట మూడు నిమిషములకు మించదు. పద్యము ముగియు లోపలనే ముల్లు గీసికొనుచు అంచునకు చేరును.

ఆ రికార్డులలోని పదార్థమును గూర్చి ఒక మాట చెప్పక ముందుకు పోలేను. 78 చుట్ల రికార్డు పింగాణి కాదు, ఇనుము కాదు. రాతిపొడియు మసియు కలిపిన లక్క. మోదుగ, రేగు మొదలగు చెట్ల కొమ్మలపై లక్కపురుగు కట్టిన పొరయే దానికి బంధకము. లోకమునకు లక్క నందించిన దేశములలో మనదే ప్రధానమైనది. 1924లోనే రాంచీ చెంత నామకుమున లక్కపై పరిశోధనాలయమును నెలకొల్పిరి. మాఘఫాల్గుణములలో మా దమ్మపేట దారులవెంట మోదుగ ఎఱ్ఱగా పూచినప్పుడు నాకు ఆ నల్లని పలకలు జ్ఞప్తికి వచ్చును. దుర్యోధనుడు పాండవులకు కట్టించిన లక్కయింటి కథ నెఱిగినవాడెవడును రికార్డులను వేడి సోకు చోట పెట్టడు. ఏటేట ఆ కథను పిల్లలకు చెప్పు నేను పెట్టితిని. మా తాతగారి రికార్డులు ఇరువదింటిని వంటయింటి గోడకానుకొనిన అలమరలో ఏటవాలుగా చేర్చి, వేసవి సెలవులలో బంధువుల యింటికి పోతిని. రోహిణీకార్తె వెళ్లిన తరువాత వచ్చి చూడగా పదునొకండు రికార్డులు అప్పడముల వలె వంగియుండెను. నిట్టనిలువుగా, ఒకదానికొకటి ఒత్తుకొనియు ఒత్తుకొనకయు ఉండునట్లు, పడమటియెండ తగులని గోడకు నిలిపియుంచిన యెడల నేటికిని పాడుచుండెడివి.

గ్రామఫోను తరువాత రేడియో. చెన్నపురిలో 1924లో ఔత్సాహికులు క్లబ్బు పెట్టి ప్రసారములు చేసిరి. 1930లో నగరసభవారు ఆ పనిని తాము చేపట్టి మెరీనా తీరమున సాయంకాలము సంగీతము వినిపించిరి. ఇసుకమీద ఎవరు కూర్చున్నను వినవచ్చును. 1938 జూను 16వ తేదీన చెన్నపురి ఆకాశవాణి కేంద్రము ప్రారంభమైనది. మా సీమ నాడు నిజాం రాజ్యపు తూర్పుటంచు. హైదరాబాదులో దక్కను రేడియో 1935లో ప్రభుత్వాధీనమైనది. అందు ఉర్దూ ప్రధానము, తెలుగు కొంచెము. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రము తెరచిన పిదపనే మా ప్రాంతపు ఇండ్లలో తెలుగు మాట కడుపునిండ వినబడినది.

ఇసుకమీద ఎవరికిని అడ్డులేని ఆ ధ్వని ఇంటిలో ప్రవేశించినంతనే దానికి గడపలు ఏర్పడినవి. మా తాతగారి రేడియోకు టేకు పీఠమొకటి ఉండెడిది. అది నేటికిని మా యింట కలదు. నాలుగు కాళ్లు, రెండు అరలు. పై అరలో వాల్వుల సెట్టు, క్రింది అరలో ఇటుకలంత బరువైన బ్యాటరీలు, ప్రక్కన చిన్న సొరుగు, సొరుగులో లైసెన్సు పుస్తకము. ఆ రోజులలో రేడియో విను ప్రతివాడును తపాలా కచేరిలో ఏటేట రుసుము చెల్లింపవలసినదే. పీఠము వసారాలో వీధితలుపు ప్రక్కన నుండెడిది. మగవారు ఎదుట కుర్చీలలోను, బల్లమీదను కూర్చుండెడివారు. మా నాయనమ్మ నట్టింటి తలుపు చాటున నిలువబడి వినెడిది. పాలేరులు పందిరి గుంజ నానుకొని వాకిటనే నిలుచుండెడివారు. స్త్రీలకొరకై ప్రసారమగు మధ్యాహ్నపు కార్యక్రమమును సైతము ఆమె తలుపు చాటుననుండియే వినవలసివచ్చెను. తాతగారు ఎదుట పడుకకుర్చీలో నిద్రించుచుండెడివారు. "నాకోసం చెప్పే మాట నాకు సగమే వినబడేది నాయనా" అని ఆమె నాతో ననెడిది. వంటచేయు చేతులకు విను హక్కు లేదని ఎవరును శాసనము చేయలేదు. పీఠము నచ్చట నుంచిరి, అంతియే.

ఆమెకు ఆ పెట్టెతో మిగిలిన సంబంధమెల్ల దానిమీద కప్పు గుడ్డను కుట్టుటయే. దారపు పూలు అల్లిన ఆ గుడ్డ వెనుక రంధ్రములను గూడ మూసివేసెడిది. వాల్వులు కాగి, లోపలి మైనము కరగి, సెట్టు రెండుమారులు మూగవోయినది. ప్రేమతో చేసిన పనియే. గాలి లేక చెడినది.

1947లో అమెరికాలో ట్రాన్సిస్టరు పుట్టెను; 1954 నుండి జేబు రేడియోలు అమ్మకమునకు వచ్చెను; తరువాతి దశాబ్దములో అవి మన పొలములకును వచ్చెను. పీఠము అక్కరలేని రేడియో! నాట్లు వేయు స్త్రీ గట్టుమీద పెట్టుకొని వినినది, వంటయింటి గూటిలో పాటయు పొగయు కలసినవి. మన యిండ్లలో వినికిడి సమత్వమును తెచ్చినది ఉపన్యాసములు కావు, నాలుగు బ్యాటరీల ఆ చిన్న పెట్టె యని నా నమ్మకము. తరువాత టేపులు, సీడీలు వచ్చినవి. వాటితో గాజుతలుపుల ర్యాకులును వచ్చి తాళముచెవి మరల గృహయజమాని మొలకు చేరినది.

ఇక మా మిత్రుని ప్రశ్న. ఆయన అంగడిలో చూచివచ్చినది నొక్కుడు చెక్కతో చేసిన నిగనిగలాడు ర్యాకు. మా అడవిసీమలో వానకాలపు తేమకు అది అటుకువలె ఉబ్బును; ఉబ్బకున్నచో చెద తినును. కాళ్లక్రింద రాతిబిళ్లలు వేసి, గోడకు జానెడు ఎడముగా, గట్టి కొయ్యతో చేయించుకొమ్మంటిని. పండ్రెండంగుళముల రికార్డులు నూరు చేరినచో ఇరువది కిలోలకు మించును గనుక అడుగు అరయే అన్నింటికంటె బలముగా నుండవలెను. ఆంప్లిఫయరు పైని బెత్తెడు ఖాళీ యుండవలెను, దానికి ఎట్టి గుడ్డయు కప్పరాదు. స్పీకర్లను మాత్రము రికార్డుయంత్రమున్న బల్లపై ఎన్నడును పెట్టరాదు. ముల్లు గాడిలోని కంటికి కనబడని కదలికను చదువునది. స్పీకరు బల్లను వణకించిన, ఆ వణకును గూడ పాటయే యనుకొని అది చదువును, చదివినదానిని స్పీకరు మరల పలుకును, తుదకు గుయ్యిమను రొద తప్ప మరేమియు మిగులదు.

స్పీకర్ల పీఠముల యెత్తు దగ్గర మాకు వాదము కలిగినది. సన్నని స్వరములను పలుకు చిన్న గుండ్రము శ్రోత చెవికి సమముగా నుండవలెనని తయారుచేయువారు చెప్పుదురు; అది నిజమే, ఆ స్వరములు సూటిగా పోవును. అంగడిలోని పీఠములు రెండడుగులవి, సోఫాలో కూర్చుండు దేశములవారి చెవికి కొలిచినవి. నేను ఆయన యింటికి పోయి చూచితిని. ఆయన కుర్చీలో కూర్చుండును. ఆయన తల్లిగారు చాపమీద కూర్చుండి చిక్కుడుకాయలు ఈనెలు తీయుచుండిరి. చాపమీద కూర్చుండినవారి చెవి నేలకు సుమారు రెండున్నర అడుగుల యెత్తున నుండును. ఆ రెండడుగుల పీఠమునుండి వెలువడు సన్నని స్వరమంతయు ఆమె తలపైగా పోవును.

"అమ్మా, పాటలు వింటారా?" అని అడిగితిని.

"వింటాను బాబూ, కాని అవి అబ్బాయి గదిలో గదా పెట్టేది" అనిరి.

వడ్రంగి ఆదివారము వచ్చెను. పీఠములను అడుగున్నరకు కోయించితిమి. గది మాట ఇంకను తేలలేదు; ప్రస్తుతమునకు అవి నట్టింటిలో, వంటయింటి గుమ్మమున కెదురుగా ఉన్నవి.