అడుగు దారం: బాబిన్ పుట్టుపూర్వోత్తరాలు

కుట్టుమిషన్ వేసే కుట్టులో దారాలు రెండు. పైదారం రీలు నుంచి సూది బెజ్జంలోకి వస్తుంది. అడుగు దారం గుడ్డ కిందనున్న బాబిన్ నుంచి వస్తుంది. రెండూ గుడ్డ మందం మధ్యలో ఒకదాన్నొకటి పెనవేసుకుంటే పడేదే లాక్‌స్టిచ్. అది పడాలంటే సూది కిందికి తెచ్చిన పైదారపు మడత బాబిన్‌ను ప్రతి కుట్టుకూ పూర్తిగా చుట్టి రావాలి. కాబట్టి బాబిన్ ఏ ఇరుసుకూ బిగించి ఉండకూడదు, పెద్దదిగానూ ఉండకూడదు. పైన ఎంత పెద్ద రీలు పెట్టినా, అడుగున పట్టే దారం కొద్దిగానే ఉంటుంది. మధ్యమధ్యలో కుట్టు ఆపి బాబిన్ చుట్టుకోవలసి రావడానికి కారణం ఇదే. కుట్టుమిషన్ చరిత్రలో పెద్ద మలుపులన్నీ ఈ అడుగు దారం చుట్టూ తిరిగినవే.

తొలి మిషన్లకు అసలు అడుగు దారమే లేదు. ఇంగ్లండులో థామస్ సెయింట్ 1790లో పేటెంటు పొందిన యంత్రం, ఫ్రాన్సులో బార్తెలెమీ తిమోనియే 1830లో పేటెంటు పొందిన యంత్రం ఒకే దారంతో గొలుసుకుట్టు వేసేవి. తిమోనియే మిషన్లతో పారిస్‌లో సైనికుల దుస్తులు కుట్టారు. పని పోతుందని భయపడిన దర్జీలు 1831లో వాటిని ధ్వంసం చేశారు. గొలుసుకుట్టుకు ఇంకో చిక్కు కూడా ఉంది. చివర తెగిన పోగును సరైన వైపునుంచి లాగితే వరుసంతా ఊడి వస్తుంది.

రెండో దారాన్ని తేవడానికి మార్గం మగ్గం చూపింది. మంగళగిరిలోనో పోచంపల్లిలోనో చేనేత మగ్గం చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. కండెకు చుట్టిన పేక నూలును నాడె పడుగు మధ్యగా ఈ కొసనుంచి ఆ కొసకు మోసుకుపోతుంది. న్యూయార్కులో వాల్టర్ హంట్ 1830ల తొలినాళ్లలో ఇదే పద్ధతిని సూది కిందికి తెచ్చాడు. మొనలోనే బెజ్జం ఉన్న సూది గుడ్డను గుచ్చి దారాన్ని మడతలా వదిలితే, ఆ మడతలోంచి చిన్న నాడె దూరిపోయేది. హంట్ అప్పట్లో పేటెంటు తీసుకోలేదు. అదే మూలసూత్రంతో ఎలియాస్ హోవ్ 1846 సెప్టెంబరు 10న అమెరికన్ పేటెంటు పొందాడు. హోవ్ యంత్రంలో సూది వంపు తిరిగినది. అది అడ్డంగా కదిలేది, గుడ్డ నిలువుగా వేలాడేది. ఐజాక్ సింగర్ 1851లో పేటెంటు పొందిన మిషన్‌లో సూది నిటారుగా దిగింది, గుడ్డ బల్ల మీద పరుచుకుంది. ఇప్పటికీ మిషన్ల పొందిక అదే. అయితే హోవ్ హక్కులను కాదనలేక సింగర్ ఆయనకు డబ్బు చెల్లించవలసి వచ్చింది. ప్రధాన కంపెనీలు 1856లో పేటెంట్లను ఉమ్మడిగా పెట్టుకున్నాకే వ్యాజ్యాలు సద్దుమణిగాయి.

ముందుకూ వెనక్కూ పరుగెత్తే నాడెకు ఒక లోపం ఉంది. ప్రతి కుట్టుకూ అది కొసదాకా పోయి, ఆగి, వెనక్కి రావాలి. వేగం పెంచితే అదురు పెరుగుతుంది. దీనికి విరుగుడు కనిపెట్టిన అలెన్ విల్సన్ పేరు ఈ చరిత్రలో రావలసినంతగా వినబడదు. సింగర్‌కు పేటెంటు దక్కిన 1851 ఆగస్టు 12నే విల్సన్‌కు తిరిగే కొక్కెం మీద పేటెంటు వచ్చింది. నాడెను దారపు మడతలోంచి దూర్చడం మానేసి, కొక్కెమే తిరుగుతూ మడతను పట్టి, కదలని పలుచని గుండ్రటి బాబిన్ చుట్టూ తిప్పేలా ఆయన దానిని మరుసటి ఏటికి రూపొందించాడు. గుండ్రటి బాబిన్ పుట్టింది అక్కడే. గుడ్డను ముందుకు జరిపే పళ్ళు లేవడం, జరగడం, దిగడం, వెనక్కి రావడం అనే నాలుగు కదలికల పద్ధతి కూడా విల్సన్‌దే. దాని పేటెంటు 1854 నాటిది.

బాబిన్ బెడదనే తప్పించాలనుకున్నవారూ ఉన్నారు. గ్రోవర్ అండ్ బేకర్ కంపెనీ మిషన్లు అడుగు దారాన్ని కూడా నేరుగా రీలు నుంచే తీసుకునేవి. చుట్టే పని లేదు గానీ దారం చాలా ఎక్కువ ఖర్చయ్యేది, కుట్టు అడుగున ఉబ్బెత్తుగా ఉండేది. ఇళ్లలో చివరికి లాక్‌స్టిచ్చే నిలిచింది.

నాడె మాత్రం అంత త్వరగా పోలేదు. సింగర్ 27, 28 రకాల్లో తూటా ఆకారపు నాడె వంపుదారిలో ఊగుతుంది. దానిలో సన్నని పొడవాటి బాబిన్ పడుతుంది. ఇవి 20వ శతాబ్దంలోనూ చాలాకాలం తయారయ్యాయి. మరోవైపు సింగర్ 15 రకంలో గుండ్రటి బాబిన్ కేసులో కూర్చుంటుంది. దాని చుట్టూ కొక్కెం పూర్తిగా తిరగకుండా అటూ ఇటూ ఊగుతుంది. జపాన్‌లో, భారతదేశంలో ఈ నమూనా విస్తారంగా తయారైంది. కలకత్తాలోని జయ్ ఇంజినీరింగ్ వర్క్స్ 1930లలో ఉషా మిషన్లు మొదలుపెట్టేదాకా మన దేశానికి మిషన్లు ప్రధానంగా విదేశాలనుంచే వచ్చేవి. స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంక్ కర్మాగారంలో తయారైన సింగర్ మిషన్ల రకం సంఖ్యలో కె అనే ఇంగ్లిషు అక్షరం ఉంటుంది. యంత్రాల వ్యామోహాన్ని వ్యతిరేకించిన గాంధీజీ కూడా 1924లో సింగర్ కుట్టుమిషన్‌కు మినహాయింపు ఇచ్చారు.

బాబిన్ రూపం మారినప్పుడల్లా దాన్ని చుట్టే అమరికా మారింది. పొడవాటి బాబిన్‌కు దారం ఈ కొసనుంచి ఆ కొసకు సమానంగా పరుచుకోవాలి. అందుకని 27, 28 రకాల్లో హృదయాకారపు లోహపు బిళ్ళ ఒకటి తిరుగుతూ, దారాన్ని పట్టుకున్న చేతిని కుడి ఎడమలకు నెడుతుంది. పాత మిషన్లలో ఇంత చూడముచ్చటైన అమరిక మరొకటి లేదు. గుండ్రటి బాబిన్ పొట్టిది కనుక దానికి ఇదంతా అక్కరలేదు. రబ్బరు టైరున్న చిన్న చక్రం పెద్ద చక్రానికి ఆనుకుని తిరిగితే చాలు.

చుట్టేముందు పెద్ద చక్రం మధ్యనున్న మరను వదులు చేస్తే సూది ఆగి, చక్రం ఒక్కటే తిరుగుతుంది. రీలు నుంచి వచ్చే దారం మిషన్ పీట మీది చిన్న బిళ్ళల మధ్యగా పోవాలి. ఆ బిగువు లేకపోతే చుట్టు మెత్తగా పడి, కుట్టేటప్పుడు చిక్కుపడుతుంది. దారం కొసను బాబిన్ చిల్లులోంచి బయటికి తీసి, కొన్ని చుట్లు పడేదాకా పట్టుకుని, తర్వాత మొదలంటా కత్తిరించాలి. పాత దారం మిగిలి ఉంటే దాని మీదే కొత్తది చుట్టకూడదు. పాలిస్టర్ దారాన్ని మరీ వేగంగా చుడితే సాగుతుంది; కుట్టాక మళ్లీ ముడుచుకుని గుడ్డను ముడతలు పెడుతుంది. బాబిన్‌ను అంచుదాకా నింపకుండా కాస్త ఖాళీ ఉంచడం మంచిది. రబ్బరు టైరు గట్టిపడితే జారిపోయి బాబిన్ సరిగా నిండదు. అది తక్కువ ఖర్చుతో మార్చుకోగల భాగం.

బాబిన్‌ను కేసులో పెట్టాక దారం గాడిలోంచి వెనక్కి మళ్ళి స్ప్రింగు రేకు కిందికి దూరాలి. కేసును దారంతో వేలాడదీసి చిన్నగా కుదిపితే కొద్దిగా జారి ఆగాలి. తనంతట తానే నేలదాకా జారితే రేకు మీది చిన్న మర కొద్దిగా బిగించాలి, కుదిపినా కదలకపోతే వదులు చేయాలి. గుడ్డ అడుగున దారం గుట్టగా పోగుపడితే చాలామంది బాబిన్‌నే అనుమానిస్తారు. నిజానికి చాలాసార్లు తప్పు పైదారంలో ఉంటుంది. పాదం ఎత్తి దారం ఎక్కించకపోతే అది బిగువు బిళ్ళల మధ్యకు చేరదు. సూది చదునువైపు కొక్కెంవైపు ఉండాలన్నది కూడా మరిచిపోకూడదు. తిరగేసి పెడితే కొక్కెం దారాన్ని పట్టుకోలేదు.

సింగర్ 15, 66 రకాల బాబిన్లు చూపుకు దాదాపు ఒకే పరిమాణంలో ఉంటాయి. కానీ 66 బాబిన్ పక్కలు కాస్త ఉబ్బుగా ఉంటాయి, 15 బాబిన్ పక్కలు చదును. ఒకదాని చోట మరొకటి వాడితే బిగువు నిలకడగా ఉండదు.

పాత మిషన్‌కు అరుగుదలకంటే నూగు, ఎండిన నూనె ఎక్కువ చేటు. పళ్ళ కింద, కొక్కెం ఊగే గాడిలో నూగు బిగుసుకుంటే మిషన్ బరువెక్కుతుంది. సూదిపలక విప్పి బ్రష్‌తో దాన్ని తీసేసి, గాడిలో మిషన్ నూనె ఒక్క చుక్క వేస్తే చాలు. ఇంట్లో చేతికి దొరికిందని కొబ్బరినూనె వేసే అలవాటు మిషన్‌ను పాడుచేస్తుంది. అది చలికి గడ్డకడుతుంది, కాలక్రమాన జిగురుగా మారి కీళ్లను పట్టేస్తుంది. అలా బిగుసుకున్న మిషన్‌కు కీళ్ల దగ్గర కొద్దిగా కిరోసిన్ వేసి, కాసేపు తిప్పి, తుడిచి, మళ్లీ నూనె వేయాలి. స్పిరిట్ మాత్రం పైపూతకు తగలకూడదు. నల్లని మిషన్ల మీది బంగారు పూలు, పేర్లు చెరిగిపోతాయి. నూనె వేశాక పాతగుడ్డ మీద కొంతసేపు కుట్టి, మిగులు నూనెను గుడ్డకే పట్టించాలి. కాలుమిషన్ తోలుపట్టీ వాడగావాడగా సాగి జారుతుంది. కొంచెం కత్తిరించి కొత్త చిల్లు పెట్టి, దాని తీగ కొక్కేన్ని మళ్లీ వంచి బిగిస్తే సరిపోతుంది. పట్టీకి నూనె తగలనివ్వకూడదు.