ఊరు

జనం ఇళ్ళు కట్టుకుని స్థిరంగా నివసించే చోటుకు తెలుగులో ఉన్న అతి సామాన్యమైన పేరు ఊరు. ఇది పల్లెకూ చెల్లుతుంది, నగరానికీ చెల్లుతుంది. "మీదే ఊరు?" అని అడిగితే నాగాయలంక అనీ చెప్పవచ్చు, హైదరాబాదు అనీ చెప్పవచ్చు. పల్లె, పేట, పాలెం, గూడెం, తండా, కసబా వంటి మాటలు ఆ నివాసం ఏ రకానిదో, ఎవరిదో తెలుపుతాయి. ఊరు ఆ తేడాలేవీ చూడదు.

రూపం, బంధుత్వం

ఊరు ద్రావిడ భాషల ఉమ్మడి సొత్తు. తమిళ, మలయాళాల్లో ఊర్, కన్నడ, తుళు భాషల్లో ఊరు అంటారు. తంజావూరు, కోయంబత్తూరు, కణ్ణూరు, మైసూరు, బెంగళూరు, నెల్లూరు, గుంటూరు, ఏలూరు పేర్లలో చివర ఉన్నది ఈ మాటే. నాగపూర్, జబల్‌పూర్ పేర్లు వినడానికి దగ్గరగా ఉన్నా వాటి చివర ఉన్నది సంస్కృత 'పురం'.

తెలుగులో దీని బహువచనం ఊళ్ళు. రాయలసీమ, తెలంగాణల్లో ఊర్లు అనడం ఎక్కువ. విభక్తి చేరేటప్పుడు 'ఊరి' అవుతుంది: ఊరికి, ఊరిలో. సమాసంలో 'ఊర' అన్న రూపమూ ఉంది. ఊరచెరువు, ఊరపిచ్చుక, ఊరపంది ఇలా పుట్టినవే. అడవిపందికి ఎదురుగా ఊరపందిని నిలబెడితే, అడవి కానిదల్లా ఊరేనన్న పాత విభజన కనిపిస్తుంది. ఊరగాయలోని ఊర మాత్రం వేరు. అది నీరు ఊరడం, ఉప్పులో ఊరడం అనే క్రియకు చెందింది.

శాసనాల్లో ఊరు

తెలుగులో దొరికిన తొలి శాసనాల్లో కలమల్ల శాసనం ఒకటి. రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు క్రీ.శ. 575 ప్రాంతంలో వేయించిన ఈ రాయి వైఎస్‌ఆర్ కడప జిల్లా కలమల్ల గ్రామంలో, చెన్నకేశవస్వామి ఆలయ ప్రాంగణంలో బయటపడింది. అందులో చిఱుంబూరి అనే మాట ఉంది. అది చిఱుంబూరు అనే ఊరిపేరుకు విభక్తి రూపం. ఊరు 'ఊరి' కావడం అప్పటికే స్థిరపడిందన్నమాట. క్రీ.శ. 848 నాటిదిగా చెప్పే పండరంగని అద్దంకి పద్యశాసనంలో కందుకూరు, బెజవాడల పేర్లతో పాటు బోయకొట్టాల ప్రస్తావన ఉంది. 'కొట్టము' కూడా అప్పట్లో ఒక రకం నివాసానికి పేరే.

చోళుల కాలపు తమిళనాట ఊర్ అంటే గ్రామమే కాదు, ఆ గ్రామ వ్యవహారాలు నడిపే రైతుల మండలి కూడా. బ్రాహ్మణులకు దానమిచ్చిన గ్రామాల్లో మండలిని సభ అనేవారు. వర్తకుల మండలి పేరు నగరం. మండలికి సభ్యులను ఎన్నుకున్న పద్ధతిని వివరించే 10వ శతాబ్ది శాసనాలతో పేరొందిన ఉత్తరమేరూరు పేరులోనూ ఊరు ఉంది.

రకరకాల నివాసాలు

ఊరికి పక్కన నిలిచే మాటలు చాలావరకు నేలను బట్టో, అక్కడి జనాన్ని బట్టో, పన్నును బట్టో పుట్టాయి.

ప్రోలు అంటే పట్టణం. భట్టిప్రోలు, చేబ్రోలుల్లో అది బాగా కనబడుతుంది. నిడదవోలు, కందనవోలుల్లో 'వోలు'గా మారింది. కందనవోలే నేటి కర్నూలు. పట్నం రేవు ఊళ్ళకు ఎక్కువగా వచ్చిన పేరు: మచిలీపట్నం, విశాఖపట్నం. పేట అంగడి, వర్తకం ఉన్న చోటు: సూర్యాపేట, సిద్దిపేట. పాలెం మొదట సైన్యం విడిది. పాళెగాడు అన్న మాట అక్కడిదే. కోస్తా తీరంలో పల్లెపాలెం అంటే చేపలు పట్టేవారి ఊరు. లంక ఏటి మధ్య మేటవేసిన నేల. నాగాయలంక, పోతర్లంక ఆ కోవలోవి.

తండా లంబాడీల నివాసం. వారు ఎడ్ల మీద సరుకులు మోస్తూ బిడారులుగా తిరిగిన కాలంలో తండా అంటే ఆ బిడారే. గూడెం ఆదివాసుల ఊరు. కోస్తాలో దళితుల పేటకు కూడా ఈ పేరుంది. నల్లమలలో చెంచుల ఊరు పెంట. మైదానంలో ఎరువు కుప్పకు వాడే ఈ మాటకు అడవిలో అర్థం వేరు. అప్పాపూర్ పెంట అలాంటి చెంచు నివాసం.

రాజులు దానమిచ్చిన గ్రామాలు అగ్రహారాలు. సుల్తానులు, నిజాముల పాలనతో పారసీ, అరబ్బీ మాటలు దస్తావేజుల్లోకి వచ్చాయి. మౌజా అంటే రెవెన్యూ గ్రామం, కసబా అంటే పరగణాకు ముఖ్యమైన ఊరు, మజరా అంటే పెద్ద గ్రామానికి అనుబంధంగా ఉన్న పల్లె. గుంటూరు వైపు పెదకాకాని, చినకాకాని అంటే, రంగారెడ్డి జిల్లాలో కొంగర కలాన్, కొంగర ఖుర్ద్ అంటారు. కలాన్ పెద్దది, ఖుర్ద్ చిన్నది. లెక్కల్లో పేరుండి మనుషులు లేని గ్రామాన్ని తెలంగాణ రికార్డులు బేచిరాక్ అంటాయి. దీపం లేనిదని దాని అర్థం.

ఊరి హద్దులు

ఇళ్ళున్న జాగాను ఆంధ్ర రికార్డులు గ్రామకంఠమనీ, తెలంగాణ రికార్డులు ఆబాదీ అనీ రాస్తాయి. ఊరి నేల ముగిసే చోటు పొలిమేర. తెలంగాణలో ఊరి నడుమ పాతిన రాయి బొడ్రాయి, అంటే ఊరికి బొడ్డు. దాన్ని ప్రతిష్ఠించేటప్పుడు పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయిన ఆడపడుచులను కూడా పిలుస్తారు. ఊరి లెక్కలోకి వారూ వస్తారన్నమాట.

అయితే ఈ లెక్క అందరినీ కలుపుకోలేదు. 'ఊరూ వాడా' అన్న జంటలో ఊరు సవర్ణుల ఇళ్ళు, వాడ దళితుల ఇళ్ళు. వెలివాడ అన్న మాట ఆ దూరాన్ని దాచకుండా చెబుతుంది. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో వెలువడిన తన నవలకు 'మాలపల్లి' అని పేరు పెట్టి, ఊరి లెక్కలో లేని ఆ భాగాన్ని కథకు నడిబొడ్డున నిలిపారు.

వాడుకలో

ఊరంటే ఊరి జనం కూడా. "ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అనే సామెతలో ఉన్నది ఆ అర్థమే. "ఆయన ఊళ్ళో లేరు", "ఊరెళ్ళారు" అన్నప్పుడు అది ప్రయాణాన్ని సూచిస్తుంది. దేవుణ్ణి ఊరంతా తిప్పడం ఊరేగింపు. కరణం, మునసబు పదవులు 1984లో ఆంధ్రప్రదేశ్‌లో రద్దయినా, "ఊరి మీద ఊరు పడ్డా కరణం మీద కాసు పడదు" అన్న సామెత ఇంకా వాడుకలో ఉంది.

జిల్లా పేర్లు మారినా ఊరు చాలాచోట్ల నోళ్ళలో నిలిచింది. మహబూబ్‌నగర్‌ను పాలమూరనీ, నిజామాబాదును ఇందూరనీ పిలుచుకుంటూనే ఉన్నారు. ఊరిపేర్ల మీద విశ్వవిద్యాలయాల్లో పరిశోధనలూ జరిగాయి. కేతు విశ్వనాథరెడ్డి కడప జిల్లా ఊళ్ళ పేర్లను, యార్లగడ్డ బాలగంగాధరరావు నెల్లూరు ప్రాంతపు గ్రామనామాలను పరిశీలించారు.

నేటి స్థితి

ప్రభుత్వ పరిభాషలో ఊరు లేదు. గ్రామ పంచాయతీ, రెవెన్యూ గ్రామం, నగర పంచాయతీ, పురపాలక సంఘం ఉన్నాయి. 2011 జనగణన మరో తరగతినీ లెక్కించింది. కనీసం 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకు 400 మంది సాంద్రత, పురుష ప్రధాన శ్రామికుల్లో 75 శాతం వ్యవసాయేతర పనుల్లో ఉంటే, పాలన పంచాయతీదే అయినా ఆ గ్రామం జనగణన పట్టణం అవుతుంది. తెలంగాణలో 2018 నాటి పంచాయతీరాజ్ చట్టంతో పాటు అనేక తండాలు, గూడేలు విడి పంచాయతీలయ్యాయి.

పాలకులు మారినప్పుడల్లా నివాసాలకు కొత్త తరగతులు, కొత్త పేర్లు వచ్చాయి. ఊరు మాత్రం మారలేదు. కలమల్ల రాతి మీది 'ఊరి' అన్న రూపమే నేటికీ కందుకూరి, వేటూరి వంటి ఇంటిపేర్ల చివర ఉంది.