పొగ తిప్పే చక్రం

తొంభయ్యవ దశకంలో మా పలాస, టెక్కలి మీదుగా పోయే జాతీయ రహదారి మీద (అప్పట్లో దాని నంబరు 5, ఇప్పుడు 16) కొత్తగా వచ్చిన లారీల ముఖాన "టర్బో" అన్న అక్షరాలు కనిపించేవి. ఆ మాటకు అర్థం మాలో ఎవరికీ తెలియదు. బలమైన బండి అని మాత్రం అనుకునేవాళ్ళం. లాటిన్ భాషలో టర్బో అంటే బొంగరం. సుడిగాలి అని కూడా అర్థముంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాసకు దగ్గరలో తీరం దాటి, కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చినప్పటినుంచి, సుడిగాలి అంటే ఏమిటో ఉద్దానానికి వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. ఇక్కడ నేను రాయబోయేది మాత్రం గుప్పిట్లో ఇమిడే ఒక చిన్న సుడిగాలి కథ. స్విట్జర్లాండులో పుట్టి, ఓడలెక్కి, కొండలెక్కి, విమానాలెక్కి, చివరికి మా అక్కుపల్లి ఇసుకదారిలో ఒక పాత చిన్నకారు బానెట్టు కింద అరిగిపోయిన యంత్రం కథ.

ముందు అది చేసే పని చెప్పుకుందాం. కట్టెలపొయ్యి ముందు ఊదుగొట్టం పట్టుకు కూర్చున్నవాళ్ళకు తెలుసు, మంటకు కట్టె ఎంత అవసరమో గాలీ అంతే అవసరమని. ఇంజనుకూ అదే సూత్రం. సిలిండరులోకి ఎంత గాలి పడితే అంత ఇంధనం కాల్చవచ్చు, అంత బలం వస్తుంది. కమ్మరి కొలిమికి తిత్తి ఉంటుంది. దాన్ని లాగడానికి ఒక మనిషి కావాలి. ఇంజనుకూ తిత్తి పెట్టవచ్చు గాని, దాన్ని లాగే శ్రమ మళ్ళీ ఇంజనుమీదే పడుతుంది. మరోవైపు, ఇంధనంలోని శక్తిలో దాదాపు మూడోవంతు వేడిపొగగా సైలెన్సరు గుండా వృథాగా పోతుంది. ఆ పోయే పొగచేతనే తిత్తి లాగిస్తే? పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న మరో చక్రం బయటిగాలిని పీల్చి, అదిమి, ఇంజనులోకి తోస్తుంది. టర్బో అంటే ఇంతే. ఒక ఇరుసు, రెండు చక్రాలు.

ఆలోచన ఇంత సులువైనదే అయినా, ఆచరణకు ఇరవై ఏళ్ళు పట్టింది. వింటర్‌తూర్ పట్టణానికి చెందిన ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి దీనికి 1905లో పేటెంటు తీసుకున్నాడు. ఎర్రగా కాలే పొగలో నిలబడి, అంత వేగంగా తిరుగుతూ పగిలిపోని లోహం ఆనాడు సులభంగా దొరకలేదు. తొలి ప్రయోగాలు నిరాశనే మిగిల్చాయి. 1920ల మధ్యలో "ప్రాయిసెన్", "హాన్సెస్టాట్ డాన్సిగ్" అనే రెండు జర్మన్ ప్రయాణికుల ఓడలకు పది సిలిండర్ల డీజిలు ఇంజన్లు బిగించి, వాటికి బ్యూకి టర్బోలు తగిలించారు. 1750 గుర్రాల బలమున్న ఇంజను 2500 గుర్రాల బలమిచ్చింది. ఇంజను పరిమాణం పెరగలేదు. పెరిగింది దాని ఊపిరి మాత్రమే.

ఈలోగా అమెరికాలో మరొక దారి తెరుచుకుంది. విమానం పైకి పోయేకొద్దీ గాలి పలచబడి ఇంజను నీరసిస్తుంది. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేసే శాన్‌ఫర్డ్ మాస్, 1918లో ఒక లిబర్టీ విమాన ఇంజనును లారీమీద కొలరాడోలోని పైక్స్ పీక్ శిఖరానికి చేర్చాడు. ఎత్తు 14 వేల అడుగులకు పైమాటే. సముద్రమట్టం దగ్గర 350 గుర్రాల బలమిచ్చే ఇంజను అక్కడ 230కి పడిపోయింది. టర్బో తగిలించగానే 356 ఇచ్చింది. పోయిన ఊపిరి తిరిగివచ్చిందన్నమాట. రెండో ప్రపంచయుద్ధంలో ఎత్తున ఎగిరిన అమెరికా బాంబర్లు ఈ కొండ మీద నేర్చిన పాఠంతోనే ఎగిరాయి.

ఓడలోనైతే ఇంజనుకు కాపలాగా ఒక ఇంజనీరు నిలబడి ఉంటాడు. విమానానికి ప్రతి ప్రయాణం తరవాతా పరీక్ష ఉంటుంది. కారుకు? ఈ ప్రశ్నకు 1962లో జవాబు దొరికింది. అది అంత శుభప్రదమైన జవాబు కాదు. ఆ ఏడాది జనరల్ మోటార్స్ సంస్థ "ఓల్డ్స్‌మొబీల్ జెట్‌ఫైర్", "షెవర్లే కార్వేర్ మోంజా స్పైడర్" అనే రెండు టర్బో కార్లను అమ్మకానికి పెట్టింది. జెట్‌ఫైర్ ఇంజను వేడికి తట్టుకోవడానికి నీళ్ళూ, మిథైల్ ఆల్కహాలూ కలిపిన ద్రవాన్ని ఒక చిన్న తొట్టిలో పోస్తూ ఉండాలి. "టర్బో రాకెట్ ఫ్లూయిడ్" అని దానికి గొప్ప పేరు కూడా పెట్టారు. తొట్టి ఖాళీ అయితే టర్బో బలాన్ని తగ్గించే ఏర్పాటుంది. కొన్నవాళ్ళలో చాలామంది ఆ తొట్టి నింపడం మరిచారు. బలం లేదని ఫిర్యాదు చేశారు. 1963తో ఆ కారు ఆగిపోయింది. తరవాత చాలా కార్లకు డీలర్లే టర్బో ఊడదీసి మామూలు కార్బురేటరు బిగించి పంపారు. యంత్రవిద్య గెలిచి, రోజువారీ పోషణ ఓడిపోయిన సందర్భమిది. టర్బో చరిత్రలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచే ఘట్టం కూడా ఇదే.

టర్బోకు అసలైన జోడీ డీజిలు ఇంజనేనని రూఢి కావడానికి మరో పదిహేనేళ్ళు పట్టింది. 1978లో మెర్సిడెస్ 300 ఎస్.డి. వచ్చింది. 1997లో ఆల్ఫా రోమియో 156తో కామన్ రెయిల్ పద్ధతి కార్లలోకి దిగింది. 2003లో ఫియట్ సంస్థ 1248 సి.సి. మల్టీజెట్ ఇంజనును బయటపెట్టింది. ఆ చిన్న ఇంజనే మన కథను ఇండియాకు తెస్తుంది.

లారీల టర్బోలు మనకు అంతకుముందే పరిచయం. చెన్నైలో టర్బో ఎనర్జీ సంస్థ 1982లోనే మొదలయింది. చిన్నకార్ల సంగతి వేరు. 1998 చివర వచ్చిన టాటా ఇండికాలో 1405 సి.సి. డీజిలు ఇంజనుంది, టర్బో లేదు, బలం 53 గుర్రాల దరిదాపుల్లో. నెమ్మదైన బండే అయినా మొండిది. 2007లో మారుతి స్విఫ్ట్‌లో మల్టీజెట్ వచ్చింది. అంతకంటే చిన్న ఇంజను, 75 గుర్రాల బలం. హర్యానాలోని మానేసర్‌లోనూ, పుణె దగ్గరి రంజన్‌గావ్‌లోనూ తయారై, ఆ తరవాత టాటా, ఫియట్, మారుతి కార్లలో డజనుకు పైగా రకాల్లో అదే ఇంజను తిరిగింది. అప్పట్లో డీజిలు ధర ప్రభుత్వం అదుపులో ఉండి పెట్రోలు కంటే చాలా చవక. 2014 అక్టోబరులో ఆ అదుపు తీసేశారు. 2020 ఏప్రిల్‌లో బి.ఎస్. 6 నిబంధనలు రాగానే మారుతి సంస్థ డీజిలు కార్లు మానేసింది. అంటే పదమూడేళ్ళ పాటు వచ్చిన వరద అది. వరద తీసింది గాని, అది తెచ్చిన బళ్ళు ఊళ్ళలో మిగిలిపోయాయి.

వాటిలో కొన్ని ఉద్దానం చేరాయి. పట్నంలో మొదటి యజమాని వాడి వదిలేసిన కారును ఇక్కడ రెండో చేతో, మూడో చేతో కొని కిరాయికి తిప్పుతారు. ఇక్కడి కిరాయిలో ఒక విశేషముంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కారణం ఇంతవరకు తేలని కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళల్లో ఉందో లోకానికి తెలుసు. డయాలసిస్ సాధారణంగా వారానికి రెండు, మూడు సార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు. పలాసలో ఆ సదుపాయం లేని రోజుల్లో విశాఖపట్నమే దిక్కు. సుమారు రెండువందల కిలోమీటర్లు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమయ్యాక ఆ ప్రయాణాలు తగ్గాయి గాని పూర్తిగా ఆగలేదు. పెళ్ళికి పోయే కారు దారిలో ఆగితే ముహూర్తం దాటుతుంది. ఈ కారు ఆగితే దాటేది ముహూర్తం కాదు.

మా బావ అలాంటి కారొకటి నడుపుతాడు. పదిహేనేళ్ళు దాటి, రిజిస్ట్రేషను మరో ఐదేళ్ళకు పొడిగించుకున్న చిన్న డీజిలు కారు. దాని టర్బో ఒక్కరోజులో పోలేదు. మొదట ఈల వినిపించింది. కొన్నాళ్ళకు ఆ ఈల సైరనులా మారింది. నలుగురు ఎక్కితే పికప్ లేదు; నల్లపొగ. తరవాత పొద్దున్నే స్టార్టు చేసినప్పుడు నీలిపొగ, ఇంజనాయిలు తగ్గడం. నల్లపొగ గాలి చాలడంలేదని చెబుతుంది. నీలిపొగ ఆయిలు కాలుతోందని చెబుతుంది. రెండూ కనిపించాయంటే నిర్లక్ష్యం చేయరాదు. ఎందుకంటే టర్బో లోపలి సీలు పూర్తిగా పోతే ఇంజను తన ఆయిలునే ఇంధనంగా తాగుతూ, తాళం తీసినా ఆగకుండా పరుగెత్తిపోవచ్చు. అలాంటప్పుడు బ్రేకు గట్టిగా తొక్కి, పెద్ద గేరులో క్లచ్చి వదిలి ఇంజనును ఆపవలసి వస్తుంది. జబ్బు మనిషిని వెనకసీట్లో పెట్టుకుని ఎవరూ పడకూడని పాటు అది.

సలహాలు మూడు వచ్చాయి. ఒక పెద్ద వర్క్‌షాపువాళ్ళు టర్బో మొత్తం కొత్తది వెయ్యాలన్నారు; కారు అమ్మితే వచ్చే సొమ్ములో పెద్ద వాటా దానికే పోతుంది. తోటి డ్రైవరొకాయన, టర్బో పీకి అవతల పారేసి నడుపుకోమన్నాడు. 1960ల్లో ఓల్డ్స్‌మొబీల్ డీలర్లు చేసింది అదేనని ఆయనకు తెలియదు, పాపం! అది పెట్రోలు ఇంజను, కార్బురేటరుతో నడిచిపోయింది. టర్బోతో కలిపి లెక్కగట్టిన చిన్న డీజిలు ఇంజను నుంచి దాన్ని తీసేస్తే, మిగిలేది బరువు లాగలేని, నల్లపొగ కక్కే బండి.

మూడో సలహా పలాసలోని ఒక ముసలి మెకానిక్కుది. "టర్బో మార్చీడం ఎంతసేపు బావూ, అదెందుకు పోనాదో ముందు సూద్దాం. పూడిక తియ్యకండా నూతిలోకి కొత్త మోటారు దింపితే ఏటవుతాది?" అన్నాడు.

ఆ మాటలో శాస్త్రముంది. చిన్నకారు టర్బో ఇరుసు నిమిషానికి రెండు లక్షల చుట్లు దాకా తిరుగుతుంది. ఆ వేగానికి లోహం లోహాన్ని తాకితే క్షణాల్లో నాశనం. అందుకే ఇరుసు బేరింగులో తగలకుండా, పలచటి నూనెపొర మీద తేలుతూ తిరుగుతుంది. ఆ నూనె ఇంజనునుంచి ఒక సన్నటి గొట్టం ద్వారా వస్తుంది. నూనె మురికిదైతే బేరింగు అరుగుతుంది. గొట్టం పూడితే కాలిపోతుంది. రహదారి మీద జోరుగా వచ్చి వెంటనే తాళం తిప్పేస్తే, ఆగిన నూనె ఆ వేడికి మాడి బొగ్గవుతుంది. ఆ బొగ్గే మెల్లగా గొట్టాన్ని పూడుస్తుంది. ఇక రెండో శత్రువు దుమ్ము. ఎయిర్ ఫిల్టరు సరిగా కూర్చోకపోతే ఇసుకరేణువులు గాలిచక్రం అంచుల్ని సానపట్టినట్టు కొరికేస్తాయి. మా సముద్రపొడ్డు ఊళ్ళలో ఇసుకకు కరువు లేదు. ఉప్పుగాలికి హోసు క్లిప్పులు తుప్పు పట్టి గాలి కారడం దీనికి తోడు.

మెకానిక్కు హోసు ఊడదీసి ఇరుసును వేలితో కదిపాడు. పక్కలకు లేశమాత్రం ఆట ఉండడం సహజమే. ముందుకీ వెనక్కీ వేలికి తెలిసేంత ఆట ఉండరాదు. ఇక్కడ రెండూ ఉన్నాయి. చక్రం అంచులు కొరుక్కుపోయాయి. నూనెగొట్టం విప్పి ఊదితే గాలి సగమే పోయింది. పెంకు బాగానే ఉంది గనక, లోపలి ఇరుసు, చక్రాలు, బేరింగులు కలిసి వచ్చే "కోర్" మాత్రమే మార్చారు. కొత్త టర్బో ధరలో సగంకంటే తక్కువ. దానితోపాటు కొత్త నూనెగొట్టం, కొత్త గ్యాస్కెట్లు, ఫిల్టర్లు, ఆయిలు. ఇంటర్‌కూలరులో చేరిన పాత ఆయిలంతా కడిగారు. అది వదిలేస్తే కొత్త టర్బో పెట్టాక కూడా పొగ పోదు. బిగించేముందు కోర్‌లో కాస్త ఆయిలు పోసి, ఇంధనం అందకుండా ఇంజనును కొన్నిమార్లు ఊరికే తిప్పి, నూనె పైదాకా చేరిందని నమ్మకం కుదిరాకే స్టార్టు చేశాడు. కొన్ని నిమిషాలు ఐడిలింగులో ఉంచాడు. సైరను పోయింది. ఇప్పుడు బావ గమ్యం చేరాక ఒక నిమిషం ఇంజను ఆపకుండా కూర్చుంటాడు. దిగే తొందరలో ఉన్నవాళ్ళు ఎందుకని అడిగితే "దానికి ఊపిరి తిప్పుకోనివ్వండి" అంటాడు.

డీజిలు చిన్నకార్ల కాలం ముగిసినా టర్బో కాలం ముగియలేదు. ఇప్పుడు చాలా కొత్త చిన్న పెట్రోలు కార్లలో అదే చక్రం తిరుగుతోంది. ఇంకో పన్నెండేళ్ళకు అవీ చేతులు మారుతూ ఇటువైపే వస్తాయి. బ్యూకి లోహంతో ఇరవై ఏళ్ళు పెనుగులాడి గెలిచాడు. మాస్ కొండ మీద పలచటి గాలితో పెనుగులాడి గెలిచాడు. జెట్‌ఫైర్‌ను ఓడించింది మాత్రం నింపని తొట్టి. ఆ తొట్టి స్థానంలో ఇప్పుడు వేలంత లావు లేని నూనెగొట్టముంది. పాత టర్బో కారు కొనేవారెవరైనా పెయింటు చూసే ముందు, ఆయిలు ఎప్పుడెప్పుడు మార్చారో అడగండి. చివరిసారి ఎయిర్ ఫిల్టరు బిగించిన చేయి ఎవరిదో కూడా తెలుసుకోండి.