ఖత్నా: వయసు చర్చ, బిడ్డ క్షేమం

సకల స్తోత్రాలు విశ్వప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు కురియుగాక!

ప్రియ సోదరులారా! మన నిజాంపట్నం ఇళ్లలో మగబిడ్డ పుట్టగానే ఒక ప్రశ్న తలెత్తుతుంది. ఒడుగులు పసితనంలోనే చేయించాలా, బిడ్డ కాస్త ఎదిగాక చేయించాలా? ఏడవ రోజే మేలని ఒకరు, అయిదేళ్లు దాటనివ్వమని మరొకరు పట్టుబడతారు. ఈ చర్చ కొత్తది కాదు. మన ధర్మవేత్తలు వెయ్యేళ్లకు పూర్వమే దీనిని జరిపారు.

ఖత్నా హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) సంప్రదాయం. ఆయన ఎనభై ఏళ్ల వయసులో దానిని ఆచరించారని సహీహ్ బుఖారీ తెలుపుతోంది. గోళ్లు తీయడం, మీసాలు కత్తిరించడం వంటి సహజ శుభ్రతా నియమాలలో దైవప్రవక్త (సల్లం) దీనిని చేర్చారు. అయితే దీనికి ఫలానా వయసని దివ్య ఖుర్ఆన్ నిర్ణయించలేదు. తమ కాలంలో బాలుడు ఎదిగేదాకా ఖత్నా చేసేవారు కారని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) తెలిపారు. షాఫయీ పండితులు ఏడవ రోజును మంచిదన్నారు. ఇమామ్ మాలిక్ ఆ రోజును ఇష్టపడక, పాలపళ్లు ఊడే వయసు మేలన్నారు. ఇమామ్ అబూ హనీఫా ఈ విషయంలో తనకు నిశ్చితమైన జ్ఞానం లేదన్నారని ఉల్లేఖనం. అంతటి ఇమామే ఒక వయసును నిర్ణయించని చోట మనం ఒకరినొకరు నిందించుకోవడం తగునా?

వయసుపై భేదించిన పెద్దలు బిడ్డ ప్రాణాన్ని మాత్రం మరువలేదు. 1350లో దమస్కులో పరమపదించిన ఇమామ్ ఇబ్నుల్ ఖయ్యిమ్, తట్టుకోలేని బలహీన శిశువుకు ప్రాణభయం ఉంటే ఖత్నా విధి తొలగుతుందని రాశారు. అంతకు మూడు శతాబ్దాల ముందే కొర్దోవా వైద్యుడు అల్ జహ్రావీ ఖత్నా విధానాన్ని తన వైద్య గ్రంథంలో వివరించాడు. మంగలికత్తి కంటే దారం కట్టి కత్తెరతో కోయడం క్షేమమని తన అనుభవంతో తేల్చాడు. బాలుడు బెదరకుండా కత్తెరను వాడి కంటపడనీయవద్దన్నాడు. ఆనాటి మందులు నేడు పనికిరాకపోవచ్చు. ఆ దయ మాత్రం నేటికీ అవసరమే.

మన తెలుగు నేలలో ఈ పని తరతరాలుగా హజాముల చేతిలో ఉండేది. ఏలూరుకు చెందిన జాఫర్ షరీఫ్ దక్కను ముస్లింల ఆచారాలపై రాసిన గ్రంథం 1832లో లండన్‌లో ఆంగ్లంలో వెలువడింది. అందులోనూ ఈ వేడుక వర్ణన ఉంది. వేడుక ఘనంగా ఉండేది. గాయం మానే భారం తల్లిపై పడేది.

2012లో జర్మనీలోని కొలోన్ న్యాయస్థానం ఒక ముస్లిం బాలుని కేసులో ఖత్నాను శరీర గాయంగా పరిగణించింది. శస్త్రచికిత్స తర్వాత ఆ నాలుగేళ్ల బిడ్డకు రక్తస్రావమైంది. అదే ఏడాది డిసెంబరులో జర్మనీ పార్లమెంటు వైద్య నియమాలను పాటిస్తే ఖత్నా చెల్లుతుందని చట్టం చేసింది. సున్నతును కాపాడుకొనే మార్గం వాదనకన్నా జాగ్రత్తే అని దీనివల్ల గ్రహించాలి.

కనుక సోదరులారా! ముందుగా వైద్యుని చేత బిడ్డను పరీక్ష చేయించండి. కామెర్లు, తక్కువ బరువు, కుటుంబంలో రక్తం గడ్డకట్టని జబ్బు ఉంటే దాచకండి. శిక్షణ పొందిన వైద్యుని చేతనే, శుద్ధి చేసిన పరికరాలతోనే చేయించండి. తర్వాత గాయాన్ని పొడిగా, శుభ్రంగా ఉంచండి. వైద్యుడు చెప్పిన లేపనమే రాయండి. బూడిద, పసుపు, ఆకుపసర్లు పూయకండి. బట్టలు వదులుగా వేయండి, తల్లిపాలు మానకండి. గాయంపై పలుచని పసుపుపచ్చని పొర సహజమే. దానిని గీకరాదు. రక్తం ఆగకపోయినా, జ్వరం వచ్చినా, చీము పట్టినా, మూత్రం రాకపోయినా తెల్లవారేదాకా ఆగకుండా రేపల్లెకో, తెనాలికో ఆసుపత్రికి తీసుకువెళ్లండి. విందు వాయిదా పడవచ్చు గాని బిడ్డ ప్రాణం తిరిగిరాదు.

అల్లాహ్ మన బిడ్డలను ఆయురారోగ్యాలతో, ఈమానుతో వర్ధిల్లజేయుగాక! ఆమీన్.